వణుకుతూనే మొదలుపెట్టడం ఎలా: స్టేజ్ ఫియర్ ఉన్నవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

మీ ముందున్నవాళ్ళ పేరు మైకులో పిలిచారు. తర్వాత మీ వంతు. అప్పటిదాకా బాగానే ఉన్న గుండె ఒక్కసారిగా దడదడలాడుతుంది. నాలుక పిడచకట్టుకుపోతుంది. ఇప్పుడే వెళ్ళొచ్చినా మళ్ళీ బాత్రూమ్‌కి వెళ్ళాలనిపిస్తుంది. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన మొదటి వాక్యం, ఎంత వెతికినా దొరకదు. దీనికి సభాకంపం అని ఒక మంచి మాట ఉంది. ఇప్పుడు అందరం స్టేజ్ ఫియర్ అంటున్నాం కానీ నాకు సభాకంపమే నచ్చుతుంది. అందులో భయం లేదు, కంపం ఉంది. చాలామందిని నిజంగా ఇబ్బంది పెట్టేది ఆ వణుకే.

నాకిది బాగా తెలుసు. కాలేజీలో ఒకసారి నా చేతిలో కాగితం ఎంతగా వణికిందంటే దాని చప్పుడు మైకులో వినిపించింది. ఆ తర్వాత కొన్నేళ్ళు ‘ముందు భయం పోనీ, అప్పుడు మాట్లాడదాం’ అనుకుంటూ వచ్చిన అవకాశాలన్నీ పక్కవాళ్ళకు వదిలేశాను. భయం మాత్రం పోలేదు. ఆ వరసలో అది పోదు కూడా. ముందు స్టేజీ ఎక్కాలి, భయం తగ్గడం ఆ తర్వాత జరుగుతుంది. అందుకే ఇక్కడ భయాన్ని పోగొట్టే చిట్కాలు తక్కువ. భయం ఉండగానే పని ఎలా కానిచ్చుకోవాలన్నదే ఎక్కువ.

మొదటి అడుగు: ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోండి

పులి ఎదురైనా, మూడొందల మంది ఎదురైనా శరీరం చేసే ఏర్పాటు ఒకటే. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు రక్తంలోకి అడ్రినలిన్ వదులుతాయి. పరిగెత్తడానికో కలబడడానికో కావలసిన పెద్ద కండరాలకు రక్తం మళ్ళుతుంది. అందుకే వేళ్ళు చల్లబడతాయి. ఆ సమయంలో అరుగుదల అనవసరం కాబట్టి పొట్టలో కలవరం పుడుతుంది, లాలాజలం తగ్గి నోరు ఎండిపోతుంది. ఊపిరి ఛాతీ పైభాగానికి చేరి పొట్టిపొట్టిగా ఆడుతుంది. పొడుగు వాక్యం మధ్యలో తెగిపోయేది, పాటలో సాగదీయాల్సిన చోట గాలి చాలకపోయేది ఇందువల్లే. గొంతును ఆడించేవి కూడా కండరాలే గనక అవి బిగుసుకుంటే స్వరం వణుకుతుంది.

అంటే మీలో లోపమేమీ లేదు. యంత్రం సరిగ్గానే పనిచేస్తోంది, కాకపోతే తప్పుడు సందర్భంలో.

ఇక్కడ రెండు విషయాలు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, ఈ ఉధృతి సాధారణంగా స్టేజీ ఎక్కే ముందు, ఎక్కిన మొదటి ఒకటి రెండు నిమిషాల్లో శిఖరానికి చేరి, తర్వాత తగ్గుముఖం పడుతుంది. కాబట్టి మీరు గట్టెక్కాల్సింది ఇరవై నిమిషాలు కాదు, రెండు నిమిషాలు. రెండోది, లోపల జరిగేదంతా బయటికి కనబడదు. మీ చెవుల్లో మోగే గుండె చప్పుడు మూడో వరసలో ఎవరికీ వినబడదు. కెనెత్ సవిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన ప్రయోగంలో, ప్రసంగించబోయే కొందరికి ఈ ఒక్క సంగతే ముందుగా వివరించారు: ‘మీ కంగారు మీరనుకున్నంతగా ఎదుటివాళ్ళకు తెలియదు’ అని. అది తెలిసినవాళ్ళు మిగతావాళ్ళకంటే బాగా మాట్లాడారు. విన్నవాళ్ళకు కూడా అలాగే అనిపించింది. ఇంతకంటే చవకైన మందు నాకింకోటి తెలియదు.

ఇది నైపుణ్యం లేనివాళ్ళకే వస్తుందనుకోకండి. నటుడు లారెన్స్ ఒలివియే పేరు ప్రపంచమంతా మారుమోగాక, 1960ల్లో, ఈ భయం పట్టుకుని కొన్నేళ్ళు వదల్లేదు. తన కళ్ళలోకి చూడొద్దని తోటి నటులను బతిమాలుకున్నారు. గాంధీ లండన్‌లో చదువుకునే రోజుల్లో, రాసుకెళ్ళిన ప్రసంగాన్ని కూడా చదవలేక వేరేవాళ్ళ చేత చదివించుకున్నారు. బొంబాయిలో తన మొదటి కేసులో ప్రశ్నలు అడగడానికి లేచి, కళ్ళు తిరిగి, అలాగే కూర్చుండిపోయారు. చెల్లో విద్వాంసుడు పాబ్లో కాసల్స్‌ను ఈ కంగారు జీవితాంతం వెంటాడింది. అయినా 1971లో, 94 ఏళ్ళ వయసులో, ఐక్యరాజ్యసమితిలో వాయించారు. అందరూ ఇలాగే నిలబడ్డారని చెప్పను. పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ 1964లో కచేరీలు పూర్తిగా మానేసి రికార్డింగులకే పరిమితమయ్యారు. అదీ ఒక దారే. కానీ మీరు ఇది చదువుతున్నారంటే స్టేజీ మీకు కావాలి.

రెండో అడుగు: మీ భయానికి ఒక వాక్యం రాయండి

‘నాకు స్టేజ్ ఫియర్’ అంటే దానితో ఏమీ చేయలేం, మరీ పెద్ద మాట. కాగితం తీసుకుని సరిగ్గా ఏం జరుగుతుందని భయపడుతున్నారో ఒక వాక్యంలో రాయండి. ‘రెండో చరణం మర్చిపోతాను.’ ‘చేతులు వణకడం అందరూ చూస్తారు.’ ‘నాకు తెలియని ప్రశ్న అడుగుతారు.’ ‘నాకంటే బాగా తెలిసినవాళ్ళు ముందు వరసలో కూర్చుంటారు.’ ఒక్కోదానికి వైద్యం వేరు.

ఆ వాక్యం కింద ‘అలా జరిగితే అప్పుడు’ అని ఇంకో వాక్యం రాయండి. చరణం మర్చిపోతే పల్లవికి తిరిగొస్తాను. చేతులు వణికితే మైక్ స్టాండ్‌కే ఉంచుతాను, చేత్తో పట్టుకోను. తెలియని ప్రశ్న వస్తే ‘ఇది నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను’ అంటాను. ఈ జవాబులు రాసి ఊరుకుంటే చాలదు, పైకి అని చూసుకోవాలి. స్టేజీ మీద బుర్ర కొత్త ఉపాయాలు ఆలోచించదు. ముందే నోటికి అలవాటైనదే బయటికొస్తుంది.

‘అందరూ నన్నే చూస్తారు, నవ్వుకుంటారు’ అన్న భయానికి మాత్రం ఒక చిన్న కథ. 2000లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కొందరు విద్యార్థులకు, వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, నలుగురున్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది ఆ బొమ్మను గుర్తుపడతారని వాళ్ళు అంచనా వేశారు. గుర్తుపట్టింది నాలుగోవంతు కూడా లేరు. ఎవరి గొడవలో వాళ్ళున్నారు. మీ సభలో కూడా అంతే. సగం మంది ఇంటికెప్పుడు వెళ్దామా అని చూస్తుంటారు!

మూడో అడుగు: సాధన, కానీ స్టేజీకి తగ్గ సాధన

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. బాగా సాధన చేశామనుకుంటారు. చేసింది మాత్రం గదిలో ఒంటరిగా, కూర్చుని, తప్పు వచ్చిన ప్రతిసారీ ఆగి, వెనక్కి వెళ్ళి. స్టేజీ మీద ఇందులో ఒక్కటీ కుదరదు.

ముందు ఒక సూత్రం. చుట్టూ జనం ఉంటే, మనకు బాగా అలవాటైన పని ఇంకా బాగా వస్తుంది, సరిగ్గా అలవాటు కానిది ఇంకా చెడుతుంది. 1965లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అప్పటిదాకా ఉన్న పరిశోధనలన్నీ కలిపి చూసి చెప్పిన మాట ఇది. దీన్నిబట్టి సాధన ఎప్పుడు ఆపాలో తెలుస్తుంది. ఒకసారి తప్పు లేకుండా వచ్చినప్పుడు కాదు. వేరే ఆలోచనలో ఉన్నా తప్పు రానప్పుడు. అంట్లు తోముతూ పాడగలరా? ఎవరో తలుపు కొట్టినా డైలాగ్ తెగకుండా చెప్పగలరా? అయితే సరే.

పాట, నాటకం, వాద్యం అయితే మధ్యమధ్యలో మైలురాళ్ళు పెట్టుకోండి. మొత్తాన్ని ఆరేడు ముక్కలు చేసి, ఏ ముక్క నుంచైనా మొదలుపెట్టగలిగేలా సాధన చేయండి. చిట్టీలు తీసి, ఏ నంబరు వస్తే అక్కడి నుంచి. మొదటి నుంచి చివరిదాకా ఒకటే వరసగా కంఠతా పట్టినవాళ్ళకు మధ్యలో దారం తెగితే పట్టుకోవడానికి కొస దొరకదు. మైలురాళ్ళు ఉంటే తర్వాతిదానికి దూకేయొచ్చు. వినేవాళ్ళలో చాలామందికి తెలియను కూడా తెలియదు.

ప్రసంగమైతే దీనికి తిరగేసి చేయాలి. మాట మాట కంఠతా పట్టకండి. మొదటి నాలుగు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు మాత్రం కచ్చితంగా నోటికి రావాలి. మధ్యలో విషయాలు వరసగా గుర్తుంటే చాలు, మాటలు ప్రతిసారీ కాస్త మారనివ్వండి. కంఠతా పట్టిన ప్రసంగంలో ఒక్క మాట జారితే మొత్తం జారుతుంది. మొదటి నాలుగు వాక్యాలే ఎందుకంటే, ఉధృతి అంతా ఉండేది ఆ రెండు నిమిషాల్లోనే. ఆ సేపు నోరు తన పని తాను చేసుకుపోతుంటే ఈలోగా ఒళ్ళు కుదుటపడుతుంది. నేనైతే మొత్తం ప్రసంగాన్ని పదిసార్లు చెప్పుకుంటే మొదటి నిమిషాన్ని నలభైసార్లు చెప్పుకుంటాను.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది: వణుకుతున్న ఒంటితో సాధన. నాలుగైదుసార్లు మెట్లు ఎక్కి దిగండి, లేదా ఒక నిమిషం ఉన్నచోటే పరిగెత్తండి. గుండె దడదడలాడుతుండగా, ఊపిరి అందకుండా ఉండగా, వెంటనే నిలబడి మొదలుపెట్టండి. మొదట నవ్వులాటగా ఉంటుంది. కానీ స్టేజీ మీద ఉండబోయే ఒంటికి ఇది చాలా దగ్గర. ఎక్కడ గాలి చాలడం లేదో, ఏ వాక్యాన్ని రెండు ముక్కలు చేయాలో, ఎక్కడ వేగం పెరిగిపోతోందో అప్పుడే బయటపడుతుంది. కొన్నాళ్ళు ఇలా చేస్తే గుండె దడకూ పని చెడిపోవడానికీ ఉన్న లంకె వదులవుతుంది. దడ ఉంటుంది, పనీ జరుగుతుంది. గుండె జబ్బో ఆస్తమానో ఉన్నవాళ్ళు మాత్రం ఇది వదిలేయండి.

ఇంకో నియమం. పూర్తి రిహార్సల్ మొదలుపెడితే ఏం జరిగినా ఆపకూడదు. తప్పు దొర్లితే దాన్ని దాటి వెళ్ళడమూ ఒక విద్యే, దాన్నీ సాధన చేయాలి. విడిగా ముక్కలు దిద్దుకునే సాధన వేరే పూట పెట్టుకోండి.

ఆ రోజు వేసుకోబోయే చెప్పులు, బట్టలు వేసుకుని కనీసం రెండుసార్లు నిలబడి చేయండి. ఫోన్‌లో రికార్డు చేసుకుని చూడండి. మొదటిసారి చూసుకోవడం ఎవరికైనా నరకమే. రెండోసారి చూస్తే ‘నేననుకున్నంత వణుకు కనబడటం లేదే’ అని మీకే తెలుస్తుంది.

నాలుగో అడుగు: మెట్లు కట్టుకోండి

ఈతకు మొదటి రోజే నడి సముద్రంలో దూకం. భయాన్ని చిన్నచిన్న మోతాదుల్లో ఎదుర్కొంటూ పైకి వెళ్ళే ఈ పద్ధతిని మానసిక వైద్యులు దశాబ్దాలుగా వాడుతున్నారు. మీ మెట్లు మీరే రాసుకోవాలి, ఎందుకంటే ఒకరికి తేలికైనది ఇంకొకరికి కొండ. ఉదాహరణకు: ఫోన్ కెమెరా ముందు, తర్వాత ఇంట్లో ఒకరి ముందు, ముగ్గురు స్నేహితుల ముందు, అంతగా పరిచయం లేని ఒకరి ముందు (చాలామందికి ఇది ముగ్గురు స్నేహితులకంటే కష్టం), వేరే గదిలో పదిమంది ముందు, ఆపైన ఏదైనా చిన్న సభలో రెండు నిమిషాలు.

ఒక్కో మెట్టు మీద ఒక్కసారి నిలబడి దిగిపోతే లాభం లేదు. కంగారు కొంచెం తగ్గేదాకా అక్కడే ఉండాలి, అదే మెట్టు మూడు నాలుగుసార్లు ఎక్కాలి. శిఖరంలో ఉండగా పారిపోతే మెదడు నేర్చుకునేది ‘పారిపోయాను కాబట్టి బతికాను’ అని. అది రేపటి భయానికి ఎరువు. మరీ నెమ్మదిగా వెళ్ళినా కష్టమే. ఏడాదంతా ఫోన్ కెమెరా ముందే గడిపినవాళ్ళను చూశాను.

మాట్లాడే అలవాటు కోసమైతే ఇలాంటి మెట్లు తయారుగా ఉన్న చోట్లు ఉన్నాయి. 1924లో అమెరికాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. అక్కడ అందరూ నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళే కాబట్టి తడబడితే వింతగా చూడరు. పాటకైతే నలుగురితో కలిసి బృందగానంలో పాడటం మంచి మధ్య మెట్టు.

ఐదో అడుగు: ముందురోజు, ఆ రోజు

ముందురోజు కొత్తగా ఏమీ కలపకండి. కొత్త జోకు, కొత్త సంగతి, కొత్త స్లైడు, ఏదీ వద్దు. నిద్ర సరిగ్గా పట్టకపోతే దానికి బెంగపడొద్దు, ఒక్క రాత్రి నిద్ర తక్కువైనా ఒళ్ళు నెట్టుకొస్తుంది. కాఫీ అలవాటున్నవాళ్ళు రోజూ తాగేంతే తాగండి, హుషారు కోసం ఇంకో కప్పు వేసుకుంటే దడకు దడ తోడవుతుంది. కడుపు ఖాళీగా పెట్టుకోవద్దు, నిండుగానూ వద్దు.

కుదిరితే జనం రాకముందే స్టేజీ ఎక్కి చూడండి. మైక్ ముందు రెండు మాటలు మాట్లాడి మీ గొంతు ఆ హాల్లో ఎలా వినిపిస్తుందో వినండి. స్పీకర్లలోంచి వచ్చే సొంత గొంతు కొత్తగా వినబడి బెదిరిపోయేవాళ్ళు చాలామంది. చివరి వరస కుర్చీలో ఒక నిమిషం కూర్చుని స్టేజీ వైపు చూడండి. అక్కడి నుంచి మనిషి ఎంత చిన్నగా కనబడతాడో, వేళ్ళ వణుకు కనబడటం ఎంత అసాధ్యమో అర్థమవుతుంది.

ఆరో అడుగు: చివరి పది నిమిషాలు

నోట్సు మూసేయండి. ఇప్పుడు చూస్తే తెలిసింది కూడా తెలియనట్టు అనిపిస్తుంది.

ఊపిరి పీల్చే సేపు కంటే వదిలే సేపు ఎక్కువ ఉండాలి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరో ఎనిమిదో లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, దాన్నే మనం సాగదీస్తున్నాం. ‘గట్టిగా ఊపిరి పీల్చుకో’ అని పక్కనవాళ్ళిచ్చే సలహా సగమే నిజం. పీల్చుకుంటూనే పోతే తల తిరుగుతుంది.

చేతులు చల్లగా ఉంటే రుద్దుకోండి, వాద్యం వాయించేవాళ్ళు గ్లవ్స్ వేసుకోవచ్చు. నోరెండితే గుక్కెడు నీళ్ళు, అవి లేకపోతే నాలుక కొసను పళ్ళతో మెల్లగా నొక్కితే లాలాజలం ఊరుతుంది. కాళ్ళు వణుకుతుంటే తొడ కండరాలను ఐదారు సెకన్లు గట్టిగా బిగించి వదలండి.

‘కంగారు పడకు, కంగారు పడకు’ అని మీకు మీరు చెప్పుకోవద్దు. దడదడలాడే గుండెతో ప్రశాంతతకు చేరడం దూరప్రయాణం. ఉత్సాహం మాత్రం పక్కిల్లే, ఎందుకంటే ఉత్సాహంలోనూ గుండె ఇలాగే కొట్టుకుంటుంది. హార్వర్డ్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాడబోయే ముందు, ప్రసంగించబోయే ముందు ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అని పైకి అన్నవాళ్ళు ఆ పనిని మెరుగ్గా చేశారు. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. నేనూ నమ్మలేదు. ఇప్పుడు ప్రతిసారీ గొణుక్కుంటాను.

ఏడో అడుగు: స్టేజీ మీద

మైక్ దగ్గరికి వెళ్ళగానే మొదలుపెట్టకండి. రెండు పాదాలూ నేలకు ఆనించి నిలబడి, ఒకసారి ఊపిరి వదిలి, ఒక్క మనిషిని చూసి, అప్పుడు. ఆ మూడు సెకన్లు మీకు మూడు నిమిషాల్లా ఉంటాయి, సభకు మాత్రం మీరు నింపాదిగా ఉన్నట్టు కనబడుతుంది. వేగం మీకు మామూలుగా అనిపిస్తోందంటే అది ఎక్కువే, ఇంకొంచెం తగ్గించండి.

కాగితం కావాలంటే పల్చటి కాగితం కాదు, చిన్న అట్టముక్క. అది వణికినా చప్పుడు రాదు. చూసుకోవడం నామోషీ అనుకోవద్దు. 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్ కచేరీలో పాట మాటలు మర్చిపోయిన అమెరికన్ గాయని బార్బ్రా స్ట్రైసాండ్, చాలా ఏళ్ళ తర్వాత 1994లో టూర్‌కు బయల్దేరినప్పుడు మాటలు తెర మీద చూపించే టెలీప్రాంప్టర్లు పెట్టుకునే పాడారు.

మనసు మీ చేతుల మీదికీ గొంతు మీదికీ పోతుంది. అదే ప్రమాదం. మెట్లు దిగుతూ ఏ కాలు ఎప్పుడు వేస్తున్నానా అని చూసుకుంటే తూలిపడతాం, ఒంటికి వచ్చిన పనిని బుర్ర తనిఖీ చేస్తే ఇదే జరుగుతుంది. మనసుకు వేరే పని ఇవ్వండి. ప్రసంగంలో అయితే ‘ఈ మాట ఆ చివరాయనకు అర్థం కావాలి’ అని. పాటలో అయితే అర్థం మీదికి. వాద్యంలో అయితే వచ్చే నాదం మీదికి, వేళ్ళ మీదికి కాదు.

మైండ్ బ్లాంక్ అయిపోతే? ఆగండి. నీళ్ళు తాగండి. చివరగా అన్న వాక్యాన్ని ఇంకో మాటల్లో మళ్ళీ అనండి, తరచుగా తర్వాతిది దాని వెంటే వస్తుంది. రాకపోతే తర్వాతి మైలురాయికి దూకేయండి. నాటకంలో ఎదుటి నటుడి కళ్ళలోకి చూడండి, అతనికీ మీ మాట కావాలి గనక ఏదో ఒకటి అందిస్తాడు. ‘సారీ, టెన్షన్‌గా ఉంది’ అని మాత్రం అనకండి. అప్పటిదాకా గమనించనివాళ్ళు కూడా ఆ క్షణం నుంచి వెతకడం మొదలుపెడతారు.

మందుల మాట

ప్రొప్రనొలాల్ అనే మాత్ర గురించి వినే ఉంటారు. గుండె జబ్బుల కోసం 1960ల్లో వచ్చిన బీటా బ్లాకర్ ఇది. అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకుని వణుకు, దడ తగ్గిస్తుంది, ఆలోచనల్లో ఉండే భయాన్ని నేరుగా ముట్టుకోదు. కొందరు సంగీతకారులు డాక్టరు సలహాతో వాడతారు. ఆస్తమా ఉన్నవాళ్ళకు ప్రమాదకరం. బీపీ తక్కువ ఉన్నవాళ్ళకు, గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్ళకు ఇబ్బంది. ఎవరో ఇచ్చిన మాత్ర వేసుకోవద్దు. డాక్టరు రాసినా సరే, కార్యక్రమం రోజే మొదటిసారి వేసుకోకండి. మద్యం సంగతి ఒక్క ముక్కలో: ధైర్యం పెరిగినట్టుంటుంది, పని చెడుతుంది.

భయం వల్ల ఉద్యోగమో చదువో వదులుకుంటున్నా, వారాల ముందు నుంచే నిద్రాహారాలు పోతున్నా, స్టేజీ లేకపోయినా నలుగురిలో ఉండలేకపోతున్నా సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి. 2013 నాటి డీఎస్ఎం-5 అనే మానసిక వైద్య గ్రంథం ప్రదర్శనకు మాత్రమే పరిమితమైన భయాన్ని సోషల్ యాంగ్జైటీలో, అంటే నలుగురిలో ఉండాలంటే పట్టుకునే తీవ్రమైన భయంలో, ఒక రకంగా గుర్తించింది. ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ దీనికి బాగా పనిచేస్తుంది. పైన చెప్పిన మెట్ల పద్ధతి అందులో భాగమే, కాకపోతే పక్కన తెలిసిన మనిషి ఉంటారు.

ఎనిమిదో అడుగు: దిగిన తర్వాత

ఆ రాత్రి మెదడు ఒకే ఒక్క తప్పును పట్టుకుని తెల్లార్లూ రీలు తిప్పుతుంది. అడ్డుకోవడం కష్టం. కానీ పడుకునే ముందు మూడు సంగతులు రాసి పెట్టండి: రెండో అడుగులో రాసుకున్న భయాల్లో నిజంగా ఏది జరిగింది, జరిగితే ఏం చేశాను, కంగారు ఎన్నో నిమిషంలో తగ్గింది. ‘ఎలా చేశాను?’ అని ఆ రోజు ఎవరినీ అడగకండి. బాగుందన్నా నమ్మరు, బాలేదన్నా మర్చిపోరు. వీడియో ఉంటే మూడు రోజులాగి చూడండి.

నా పాత నోటుపుస్తకంలో ఆ మూడో ప్రశ్నకు ఎదురుగా మొదట్లో ‘దిగేదాకా తగ్గలేదు’ అని ఉంది. తర్వాత ‘ఏడో నిమిషం’, ఆ తర్వాత ‘నాలుగు’. మొన్నటిదానికి ‘ఒకటిన్నర’ అని రాశాను. సున్నా ఇంతవరకూ ఎప్పుడూ రాయలేదు.